శిఖరం నుంచి ఇరవై శాతం

పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళి వారానికి ఇల్లు చేరిన లెక్కల మాస్టారు, ఆ ఉదయం కాఫీ తాగడం తప్ప మరే పనీ పెట్టుకోలేదు. వంటింటి గోడకున్న పలక వైపు చూడటంతో అదీ చెడింది.

షేరు ధర శిఖరం నుంచి ఐదు శాతం తగ్గితే జారుడు, పది తగ్గితే దిద్దుబాటు, ఇరవై తగ్గితే బేర్ మార్కెట్ అని ఆ పలక మీద ఆయనే గుండ్రంగా రాసిపెట్టుకున్నారు. ధరలు ఫోన్‌లో చూస్తే వేలు అమ్మకం మీదికే పోతుందనీ, పలక మీద చూస్తే బుర్ర పనిచేస్తుందనీ ఆయన నమ్మకం. అందుకే రోజూ ధర రాసి ఉంచమని భార్యకు చెప్పి వెళ్ళారు. వెళ్ళేనాటికి అది ఎనభై ఐదు. ఇప్పుడు పలక మీద ఆమె దస్తూరీతో 85, 80, 76, 68 అని ఉంది.

వారంలో మూడు రకాలూ అయిపోయాయి. అడుగుదామంటే ఆవిడ నడకకు వెళ్ళింది.

తన డబ్బు సరే, బావమరిది సంగతి గుర్తొచ్చింది. దర్జీ అయిన అతను సొంత దుకాణం కోసం కూడబెట్టినదంతా ఈయన మాట మీదే ఆ షేరులో పెట్టాడు. వెంటనే ఫోన్ చేశారు.

"ఏరా, కూచున్నావా? ఇరవై శాతం పడింది. కంగారుపడి అమ్మెయ్యకు. పడ్డప్పుడు..."

బావమరిది "పడింది" దగ్గరే ఫోన్ పెట్టేసి పరుగెత్తాడు.

గంట తర్వాత అతనూ, అతనితోపాటు కుట్టే ఎనిమిది మందీ మెట్లెక్కి వస్తూ కిటికీలోంచి కనబడ్డారు. వాళ్ళచేతా అతను అదే షేరు కొనిపించాడని గుర్తొచ్చి, మాస్టారు స్నానాలగదిలో దూరి గొళ్ళెం పెట్టుకున్నారు.

"బావా, బయటికి రా. ఎంతకొస్తే అంతకు అమ్మెయ్యమన్నాం. అందరివీ తొంభై రెండుకు పోయాయి. పావుగంటకే ధర దిగడం మొదలెట్టింది. నీకెలా తెలిసింది బావా?"

గొళ్ళెం మెల్లగా జరిగింది. "తొంభై రెండా? మరి పలక మీది అరవై ఎనిమిది?"

"అది నేను," అంది అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్న భార్య. "కిలోలు. ఎనిమిది నెలల లెక్క, మొన్న కూర్చుని వరసగా రాసుకున్నా. మీ ధరలు మీ డైరీలో ఉన్నాయి."

మాస్టారు ఆమెను చూశారు, పలకను చూశారు, మళ్ళీ ఆమెను చూశారు. శాతం సరిగ్గా సరిపోయింది.

"నీ బట్టలు మూడుసార్లు బిగించి కుట్టాను కదక్కా," అన్నాడు బావమరిది. "బావ ఏమీ అనలేదా?"

ఇల్లంతా నవ్వులతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది.

మర్నాడు పలక మీద మూడు రకాల పతనాల కింద ఆమె దస్తూరీతో నాలుగోది చేరింది: ఇంటాయన కంటబడనిది.