ఆరు వందల పేజీల పొయ్యి

ఆదివారం పొద్దున ఆరింటికే పొయ్యి మాస్టారు గ్యాస్ స్టవ్వును రెండు చేతులా ఎత్తుకెళ్లి పడగ్గదిలో మంచం కింద దాచేశారు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే ఆయనకు ఆ పేరు పిల్లలు పెట్టింది. ఇళ్లలో కట్టెల పొయ్యి మీద వంట ఎలా పుట్టింది, ఎలా సాగింది అన్న విషయం మీద పదకొండేళ్లుగా ఆయన ఆరు వందల పేజీల గ్రంథం రాశారు. ఆ పదకొండేళ్లలో ఆయన వెలిగించిన పొయ్యిలు సున్నా. అగ్గిపుల్ల గీసింది కరెంటు పోయినప్పుడే, అదీ రెండుసార్లు.

ఆ మధ్యాహ్నం పబ్లిషరు భోజనానికి వస్తున్నాడు. మాస్టారు స్వయంగా కట్టెల పొయ్యి మీద వండి పెడతారు. కడుపు నిండిన మనిషి చేతిలో గ్రంథం పెడతారు. తిన్న విశ్వాసం కొద్దీ కాదనలేడని పథకం.

కాదంటే పోయేది పరువొక్కటే కాదు, గది కూడా. ఆ ఇంట్లో రెండో గదిని మాస్టారి కాగితాలు ఆక్రమించాయి. ఆరేళ్ల కిందట వచ్చిన అత్తగారు హాల్లో ఫ్రిజ్ పక్కన మడతమంచం మీద పడుకుంటోంది. మందుల షాపు నడిపే భార్య ఆ వారం మొదట్లోనే తేల్చి చెప్పేసింది.

"ఆయన పుస్తకం వేస్తానంటే సరే. వెయ్యనంటే మాత్రం సోమవారం ఆ గదిలో మా అమ్మ మంచం ఉంటుంది. మీ కాగితాలు ఎక్కడుంటాయో మీ ఇష్టం."

అత్తగారు నలభై ఏళ్లు కట్టెల పొయ్యి దగ్గర వండిన మనిషి. ఆవిడ వచ్చిన కొత్తలో మాస్టారు ఎదురుగా కూర్చుని ఆవిడ చెప్పిందల్లా చిత్తుప్రతిలో రాసుకున్నారు. తర్వాత దాని మీద ఎర్ర సిరాతో గీతలు కొట్టి, పక్కన 'ఆధారాలు లేవు' అని రాశారు. ఆధారం హాల్లో మడతమంచం మీద కూర్చుని చిక్కుళ్లు వలుచుకుంటూ ఉండేది.

సరే, పొయ్యి. ఇంటికి నడిబొడ్డున ఉండాలని గ్రంథంలో రాశారు కాబట్టి వంటింటి నేల మధ్యలో మూడు ఇటుకలు పెట్టారు. ఎప్పుడేం చెయ్యాలో చూసుకోవడానికి గ్రంథం కట్టనీ, అంటించడానికి పాత చిత్తుప్రతి కట్టనీ తెచ్చి గట్టు మీద పక్కపక్కన పెట్టారు. రెండూ ఒకే లావు, రెండింటికీ ఒకే తెల్ల నాడా. కంప్యూటరంటే ఆయనకు నమ్మకం లేదు. చరిత్రను చేత్తోనే రాయాలట.

అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"బాబూ, కట్టెలు తడిగా ఉన్నాయేం?"

"నిన్న సాయంత్రం సబ్బు పెట్టి కడిగాను అత్తయ్యా. మట్టీ, చీమలూ... పెద్దమనిషి తినే వంట కదా!"

ఆవిడ ఒక కట్టె తీసి వాసన చూసింది. "సబ్బు పెట్టా?"

"మంచి సబ్బే."

"పోనీ, ఆ కిటికీ అయినా తియ్యనా?"

"వద్దొద్దు. గాలి మంటకి శత్రువు. రెండో అధ్యాయంలో రాశాను. మీది అనుభవం అత్తయ్యా, నాది పరిశోధన. మీరెళ్లి కూర్చోండి."

ఆవిడ వెళ్లి కూర్చుంది.

పది అగ్గిపుల్లలు అయిపోయాయి. కట్టెలు మండలేదు కానీ వాటిలోంచి నురగ వచ్చింది, వెనకాలే పొగ వచ్చింది. మామూలు పొగ కాదు, స్నానం చేసి వచ్చిన పొగ. అది మాస్టారి కళ్లల్లోకీ ముక్కులోకీ దూరి, కిటికీ మూసి ఉండటంతో మెట్ల మీదుగా పైవాటా దారి పట్టింది.

"కాగితాలు! ఆ కట్ట అందుకో!" మాస్టారు కళ్లు మూసుకుని చెయ్యి చాచారు.

"రెండున్నాయి. ఏది?" అంది గట్టు దగ్గరున్న భార్య.

"పనికిరానిది!"

"ఏది పనికిరానిదో నాకేం తెలుసు?"

"చదివితే తెలీదా? ఆ మాత్రం జ్ఞానం లేదా?"

మాటపడి ఊరుకునే మనిషి కాదు భార్య. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక కట్టలో నాలుగు పేజీలు, ఇంకో కట్టలో నాలుగు పేజీలు శ్రద్ధగా చదివింది. చదివి, ఒకటి అందించింది. మాస్టారు ఏడుస్తూనే పేజీ తరవాత పేజీ అంటించి పొయ్యిలో పెట్టారు. తడి కట్టెలు కాగితాన్ని తిన్నంతసేపు వెలిగి, మళ్లీ మొహం మాడ్చేవి. కట్ట సగమైంది, పావైంది, నాడా మిగిలింది.

ఈలోగా పైవాటాలో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు కింద కొంప అంటుకుందని ఫైరింజన్‌కి ఫోను చేశాడు. ఆయన ఏ పనీ సగంలో వదలడు కనక విజిల్ ఊది వీధంతా లేపాడు. ఫైరింజనూ పబ్లిషరూ ఒకేసారి గుమ్మం ముందు దిగారు. పిలిచిన ఇల్లు కదా అని పబ్లిషరు పొగలో తడుముకుంటూ లోపలికి వెళ్లాడు. రెండు నిమిషాల్లో ఒక ఫైర్‌మన్ ఆయన్ని బస్తాలా భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

"దింపవయ్యా! నేను భోజనానికొచ్చాను!"

"పొగ తలకెక్కితే అలాగే మాట్లాడతారు సార్. కదలకండి."

ఫైర్ ఆఫీసరు హడావిడిగా వంటింట్లోకి వెళ్లి మూడు ఇటుకల్నీ, వాటి ముందు మసి మొహంతో కూర్చున్న మాస్టారినీ చూశాడు. ఇంజనంత ఇంజను తెచ్చి, చెంబెడు నీళ్లతో ఆర్పి, కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కిటికీ తీశాడు. రెండో అధ్యాయం అక్కడితో ముగిసింది.

పన్నెండున్నరైంది. పబ్లిషరుకు చొక్కా నలిగింది, ఆకలి వేస్తోంది. స్టవ్ ఎక్కడుందని భార్య అడిగితే, పౌరుషం కొద్దీ మాస్టారు చెప్పనన్నారు. అప్పుడు అత్తగారు లేచింది. వేలిముడుకుతో గుమ్మాన్నీ, బల్లనీ, కుర్చీనీ టక్కుటక్కుమని కొట్టి చూస్తూ రెండో గదిలోకి వెళ్లి, మాస్టారి పుస్తకాల అలమర దగ్గర ఆగింది. రంగు వెయ్యని పాత చెక్క ఖంగుమంది.

"ఇదీ ఎండిన కర్రంటే" అని రెండు అరలు ఊడదీసింది.

"అత్తయ్యా! అది నా అలమర!"

"మీ అతిథి ఆకలి కూడా మీదే కదా బాబూ."

అయిదు నిమిషాల్లో పొయ్యి పొగలేకుండా మండింది. కుండకు బయట తడిమట్టి పూసి ఎక్కించి, చిక్కుళ్లు ఉడకేసింది. నిప్పులు పక్కకు లాగి, బూడిద కప్పి, అందులో దుంపలు పెట్టింది. పబ్లిషరు పీట వేసుకుని అక్కడే కూర్చున్నాడు.

"మట్టెందుకమ్మా?"

"మసి కుండకి కాకుండా మట్టికి పడుతుంది. లేకపోతే తోమలేక చేతులు పడిపోతాయి. వంట ఎవడైనా చేస్తాడు నాయనా, తోమేవాళ్లకి తెలుస్తుంది పొయ్యంటే ఏంటో."

పబ్లిషరు తలెత్తకుండా తిన్నాడు. మూడోసారి వడ్డించుకున్నాక చెయ్యి కడుక్కుని, "ఏదీ మీ గ్రంథం?" అన్నాడు.

మాస్టారు గట్టు మీది కట్ట అందుకుని నాడా విప్పారు. మొదటి పేజీ నిండా ఎర్రగీతలు. రెండో పేజీ కూడా అంతే. ఆయన మొహం మసి కింద తెల్లబడింది. గబగబా పొయ్యి వంక చూశారు. పదకొండేళ్లు! ఇటుకల మధ్య ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. భార్యకు కూడా కలిగింది, కాకపోతే ఎక్కువసేపు నిలవలేదు.

"ఏం చేశావే! ఏది ఇచ్చావు నాకు?"

"పనికిరానిది ఇమ్మన్నారు. చదివి మరీ ఇచ్చాను. 'అగ్ని మానవ నాగరికతకు మూలాధారమైన మౌలిక భూమిక' అని మొదలైంది. నాలుగు పేజీలు తిరగేసినా వంట మొదలవలేదు."

ఈలోగా పబ్లిషరు చిత్తుప్రతి లాక్కుని, ఎర్రగీతల కింద ఉన్నది పైకే చదవడం మొదలుపెట్టాడు.

"'నిప్పుని మగాడు లొంగదీశాడంటారు. అది ఆరకుండా ఊదింది ఎవరో అడగరు. నా ఊపిరి సగం పొయ్యికే పోయింది. గ్యాస్ వచ్చిన రోజు నేను ఏడ్చాను, కానీ కళ్లు మండకుండా ఏడ్చింది అదే మొదటిసారి.'" ఆయన తలెత్తాడు. "ఎవరివండీ ఈ మాటలు? ఎందుకు కొట్టేశారు?"

చిక్కుళ్ల కుండ తోముతున్న అత్తగారి వైపు భార్య చూపించింది.

"వేస్తాను" అన్నాడు పబ్లిషరు. "మీరు కొట్టేసిందంతా వేస్తాను. కొట్టెయ్యనివి ఏమైనా ఉంటే అవి తీసేద్దాం."

సోమవారం రెండో గదిలోకి మడతమంచం కాకుండా మంచి మంచమే వచ్చింది. అలమరలో మిగిలిన అరల మీద ఆవిడ మందులు పెట్టుకుంది. మాస్టారి బల్లకు ఫ్రిజ్ పక్కన చోటు దొరికింది.

ఆరు నెలలకు పుస్తకం వచ్చింది, తొంభై పేజీలు. మాస్టారు ముందు కృతజ్ఞతల పేజీయే తిప్పారు. ఆయన గురించి ఒక వాక్యం ఉంది: 'పొయ్యి అంటించడానికి కాగితాలిచ్చి సాయపడిన మా అల్లుడికి.'