మోడల్ ముద్దాయి

నిందితుల హక్కుల పక్షోత్సవాలు ప్రారంభమైనట్టు శాంతిభద్రతల మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. ఇకమీదట తమ పాలనలో ఏ ఒక్కడూ హక్కులు లేకుండా లాకప్‌లో పడుకోవలసిన దుస్థితి రాదని, పడుకునే ప్రతివాడూ నిండు హక్కులతో పడుకుంటాడని ఆయన హామీ ఇచ్చారు. చప్పట్లు మారుమోగాయి. సభలో ఉన్నవాళ్లంతా పోలీసులే కాబట్టి అవి ఒకేసారి మొదలై ఒకేసారి ఆగాయి.

ఇన్‌స్పెక్టర్ నుంచి గుమ్మం దగ్గర కాపలా కానిస్టేబుల్ దాకా అందరూ అరెస్టు చట్టం చదవాలని, పక్షం చివర పరీక్ష రాయాలని ఉత్తర్వులు వచ్చాయి. రాత పరీక్షకి అరవై మార్కులు, ప్రాక్టికల్స్‌కి నలభై. ప్రాక్టికల్స్ అంటే స్టేషన్‌కి ఒక నిందితుణ్ని తీసుకుని పది హక్కులూ ఒక్కటీ పోకుండా అతనికి ఇచ్చి చూపించాలి.

ఇక్కడే బజారు స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కి చిక్కొచ్చి పడింది. పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని తెలియగానే ఆయన లాకప్‌కి రంగు వేయించాలనుకున్నాడు. గోడలకి ఆనుకుని కూర్చున్నవాళ్లు అడ్డం. దాంతో ఉన్న నలుగుర్నీ ఇళ్లకి పంపేశాడు. గోడలు తెల్లగా మెరిశాయి, గదిలో మాత్రం నరమానవుడు లేడు. పైగా ఆ రంగు తాళం కంతలోకి పోయి గడ్డకట్టింది. తాళాల మేస్త్రిని తీసుకురమ్మని కానిస్టేబుల్‌ని పరుగెత్తించాడు.

మేస్త్రికి యాభై దాటాయి. కళ్లజోడుకి ఒక కాడ విరిగితే ఇనుప తీగ వంచి పెట్టుకున్నాడు. తాళం ముందు కూర్చుంటే లోకం తెలియని మనిషి. ఆ ఉదయం ఆయన సొంత ఇంట్లోనే బీరువా తాళంచెవి పుటుక్కున విరిగి లోపలే ఉండిపోయింది. బీరువాలో కూతురి హాల్ టికెట్ ఉంది. ఆ పిల్ల లా చదువుతోంది. మర్నాడు పదింటికి ఆఖరి పరీక్ష, అదీ అరెస్టు చట్టం మీదే.

"తీసేసి వెళ్లు నాన్నా," అంది కూతురు.

"ఇన్‌స్పెక్టర్ గారు కబురు పెట్టారమ్మా. అరగంట పని. పరీక్ష రేపు కదా, వచ్చి తీస్తాను."

ఆ బీరువా తాళం ఆయన చేత్తో చేసిందే. నేను తప్ప ఇంకెవడూ తెరవలేడని ఇరవై ఏళ్లుగా కనిపించినవాడికల్లా చెప్పుకుంటూ వచ్చాడు. ఆ గొప్పలు ఎంత నిజమో తెలిసే రోజు ఒకటి వస్తుందని ఆయనకేం తెలుసు.

స్టేషన్‌లో నిజంగానే అరగంటలో పని అయిపోయింది. ఏ తాళం బాగుచేసినా బయట నుంచి ఒకసారి, లోపల నుంచి ఒకసారి వేసి చూడటం ఆయన పద్ధతి. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లకి కూడా అదే నేర్పాడు. లాకప్‌లోకి వెళ్లి తలుపు లాగాడు. తాళం టక్కున పడింది. ఆ శబ్దానికి ఆయన ముఖం వెలిగింది. అదే నిమిషాన పై ఆఫీసరు లోపలికి అడుగుపెట్టాడు.

"ఇతను?" అన్నాడు ఊచల వైపు చూసి.

ఇన్‌స్పెక్టర్ మేస్త్రి వైపు చూశాడు, ఆఫీసరు వైపు చూశాడు, కాసేపు కప్పు వైపు కూడా చూశాడు. నలభై మార్కులు కళ్లముందు కదిలాయి.

"నిందితుడు సార్."

"గుడ్. హక్కులు చెప్పారా?"

"ఇప్పుడే మొదలెట్టబోతున్నాం సార్."

"అయ్యా, నేను తాళం బాగుచేయడానికి వచ్చానండి," అన్నాడు మేస్త్రి లోపల నుంచి.

ఆఫీసరు చాలా సంతోషించాడు. "చూశారా, వెంటనే సంజాయిషీ మొదలెట్టాడు. పాత రోజుల్లో అయితే ఏం చేసేవాళ్లమో మీకు తెలుసు. ఇప్పుడలా కాదు. బాబూ, నువ్వేం చెప్పనక్కర్లేదు. మౌనంగా ఉండే హక్కు నీకుంది."

"అది కాదండీ, నిజంగానే తాళం..."

"ఉంది బాబూ. భయపడకుండా వాడుకో."

స్టేషన్ రైటర్, అంటే రికార్డులు రాసే హెడ్ కానిస్టేబుల్, హక్కుల పుస్తకం తీసి చదవసాగాడు. రెండో హక్కు సగంలో ఆగిపోయాడు. "బంధువుల్లో ఒకరికి... తర్వాత పేజీలు అతుక్కుపోయాయి సార్."

"అరెస్టు సంగతి తెలియజేయాలండి," అంది మేస్త్రి గొంతు. "మూడోది నచ్చిన లాయరు. నాలుగోది డాక్టరు పరీక్ష. ఐదోది ఇరవై నాలుగు గంటల్లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడం."

ఆరు నెలలుగా కూతురు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ పైకి చదువుతుంటే, ఆయన తాళంచెవులు రుద్దుకుంటూ విన్నాడు. తప్పు చదివితే తాళం సరిగ్గా పడనట్టు ఆయనకి చెవి గీరుకుపోతుంది. ఆపుకోలేకపోయాడు పాపం.

ఆఫీసరు నోరు వెళ్లబెట్టాడు. "ఇదంతా మీరు నేర్పిందేనా?"

"ఏదో సార్, తీరిక దొరికినప్పుడల్లా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తల వంచుకుని.

ఆఫీసరు అక్కడే నిలబడి మంత్రిగారికి ఫోన్ చేశాడు. మర్నాడు పదింటికి మంత్రిగారు స్వయంగా వచ్చి ఈ నిందితుడితో మాట్లాడతారని ఖాయమైంది. ఆఫీసరు జీపు ఎక్కాక మేస్త్రి ఊచలు పట్టుకున్నాడు.

"ఇక తలుపు తీయండి సార్."

"ఎలా తీస్తాను మేస్త్రీ? మంత్రిగారిదాకా వెళ్లిపోయావు నువ్వు. ఇప్పుడు వదిలితే ముద్దాయిని తప్పించానని నన్ను లోపలేస్తారు. రేపు పదిన్నరదాకా సర్దుకో."

"రేపు పదింటికి మా అమ్మాయికి పరీక్ష సార్. హాల్ టికెట్ బీరువాలో ఉంది. అది నేను తప్ప ఎవరూ తెరవలేరు."

"నాకూ పరీక్షే కదయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నిజమైన బాధతో.

ఆ మధ్యాహ్నం బజారు స్టేషన్ చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగ్గది. మేస్త్రి పనిముట్లని ఇద్దరు సాక్షుల ముందు స్వాధీనం చేసుకుని జాబితా రాశారు: ఆకురాయి ఒకటి, చిన్నది, ఆకురాయి ఒకటి, ఇంకా చిన్నది. డాక్టరు వచ్చి ఒంటిమీద దెబ్బలేవీ కనిపించక కంగారుపడి, కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చూశాడు. ఉచిత న్యాయసహాయం లాయరు వచ్చి కేసేమిటని అడిగాడు.

"ఇంకా అనుకోలేదు," అన్నాడు రైటర్.

"అనుకున్నాక పిలవండి. దేనికని బెయిలు అడగను?" అని లాయరు వెళ్లిపోయాడు.

చిక్కంతా అక్కడే ఉంది. ఫారంలో అన్నీ నిండాయి, 'అరెస్టుకు కారణం' అన్న గడి ఒక్కటి ఖాళీ. పాత రోజుల్లో ఇన్‌స్పెక్టర్ ఇలాంటివి ఐదు నిమిషాల్లో ఆరు రాసేవాడు. ఇప్పుడు కారణం నిందితుడికి చదివి వినిపించి సంతకం తీసుకోవాలి, పైగా రేపు మంత్రిగారు ఆ మనిషినే అడుగుతారు.

"గొడుగు దొంగతనం అని రాద్దాం మేస్త్రీ. చిన్నదే."

"నేను గొడుగు దొంగిలించలేదు సార్."

"పోనీ ఏం దొంగిలించావో నువ్వే చెప్పు. నిందితుడి అభిప్రాయం తెలుసుకోమన్నారు."

మేస్త్రి మౌనంగా ఉండే హక్కు వాడుకున్నాడు.

నాలుగింటికి, రెండో హక్కు ప్రకారం, కూతురు వచ్చింది. "మీ నాన్నగారిని అరెస్టు చేశామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం," అని కబురు అందిందామెకి. వస్తూనే ఫారం లాక్కుని చూసింది.

"కారణం చెప్పకుండా ఎలా అరెస్టు చేశారు? ఇది చెల్లదు. ఆయన్ని ఇప్పుడే వదలాలి."

"బాగా చెప్పావమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అది గురువారం క్లాసు. మాకింకా అంతదాకా చెప్పలేదు."

ఆ పిల్ల ఊచల దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా కోర్టులో నిలబడ్డట్టు మాట్లాడిన మనిషి, తండ్రిని చూడగానే చిన్నపిల్ల అయిపోయింది. "మార్కెట్ చివరి షాపు మేస్త్రిని తీసుకొచ్చాను నాన్నా. నీ దగ్గర పని నేర్చుకున్నాయన. రెండు గంటలు కుస్తీపట్టి, గురువుగారి తాళం నా వల్ల కాదమ్మా అని దండం పెట్టి వెళ్లిపోయాడు. గునపంతో కొట్టించాను, సొట్ట పడింది గాని తెరుచుకోలేదు. హాల్ టికెట్ లేకపోతే గేటు దాటనివ్వరు. మళ్లీ ఏడాది ఆగాలి."

మేస్త్రి జీవితంలో మొదటిసారి తాను పనిమంతుడైనందుకు సిగ్గుపడ్డాడు.

"నువ్వెళ్లి చదువుకో," అన్నాడు. "పొద్దున్నే బీరువా తెరుచుకుంటుంది."

తెల్లవారింది. ఆరింటికి కాపలా కానిస్టేబుల్ వరండాలో కళ్లు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ హక్కులు బట్టీ పడుతున్నాడు. మేస్త్రి కళ్లజోడు తీసి, ఇనుప తీగ కాడ ఊడదీసి, ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టాడు. తన చేత్తో బాగుచేసిన తాళం. నిమిషం కూడా పట్టలేదు. వరండా దాటుతుంటే కానిస్టేబుల్ కళ్లు తెరవకుండానే అడిగాడు.

"ఏడో హక్కు ఏంటి మేస్త్రీ?"

"ఉచిత న్యాయసహాయం," అన్నాడు మేస్త్రి మెట్లు దిగుతూ.

"ఆఁ, అదే," అని కానిస్టేబుల్ మళ్లీ ఊగసాగాడు.

ఇంటి దగ్గర మేస్త్రి అదే తీగ పట్టుకుని బీరువా ముందు ముప్పావుగంట మోకాళ్లమీద కూర్చున్నాడు. సొట్ట పడ్డ తలుపు లోపల మీట అడ్డం తిరిగింది. చివరికి తెరుచుకునేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. కూతురు హాల్ టికెట్ గుండెకి హత్తుకుని, వెంటనే అనుమానంగా చూసింది.

"వాళ్లు వదిలారా, నువ్వే వచ్చేశావా?"

"తల దువ్వుకో, టైమవుతోంది."

"వెనక్కి వెళ్లకు నాన్నా. అసలు ఆ కస్టడీయే చెల్లదు."

"అదే రాయి పరీక్షలో. నేను తలుపు బార్లా తీసి వచ్చాను. అలా వదిలేస్తే నా పనికి మచ్చ. పైగా ముప్ఫై ఏళ్ల పనిముట్లు వాళ్ల జాబితాలో ఉన్నాయి."

ఎనిమిదింటికి ఆయన స్టేషన్ మెట్లెక్కాడు. లోపల అప్పటికే హాహాకారాలు. ఇన్‌స్పెక్టర్ టోపీ నేలమీద ఉంది, రైటర్ బల్లకింద వెతుకుతున్నాడు. మేస్త్రి ఎవర్నీ పలకరించకుండా లాకప్‌లోకి వెళ్లి తలుపు లాగాడు. టక్కుమంది.

"ఎక్కడికెళ్లావయ్యా!"

"ఇంటికి సార్. బీరువా తీసి వచ్చాను."

"ఎలా వెళ్లావు?"

"తాళం తీసుకుని."

ఇన్‌స్పెక్టర్ తిట్టడానికి నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. ఆయన ముఖంలోకి మెల్లగా ఒక వెలుగు వచ్చింది. టోపీ తీసి దులిపి పెట్టుకున్నాడు.

"రైటర్ గారూ, ఫారం తీయండి. 'అరెస్టుకు కారణం.' రాయండి: పోలీసు కస్టడీ నుంచి పారిపోవుట."

పదింటికి మంత్రిగారు వచ్చారు. సరిగ్గా ఆ టైముకే ఊరి అవతల హాల్లో కూతురు మొదటి ప్రశ్న చదువుతోందని తలుచుకుని, మేస్త్రి ఊచల వెనక చిన్నగా నవ్వుకున్నాడు. ఆ నవ్వుని పత్రికలవాళ్లు ఫొటో తీసుకున్నారు.

"నిన్ను ఎందుకు అరెస్టు చేశారో నీకు చెప్పారా?" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

"చెప్పారండి. నిన్న పదకొండింటికి అరెస్టు చేసినవాణ్ని, ఇవాళ ఆరింటికి పారిపోయినందుకట."

"అర్థమయ్యే భాషలో చెప్పారా?"

"భాష అర్థమైందండి. కారణం లేని కస్టడీలోంచి వెళ్తే పారిపోవడం ఎలా అవుతుందో అదే అర్థం కాలేదు."

"దాన్ని కోర్టులో అడిగే హక్కు నీకుంది," అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి, ఒకేసారి ఆగాయి. బజారు స్టేషన్‌కి నలభైకి నలభై వచ్చాయి.

వెళ్లబోతూ మంత్రిగారు తాళం పట్టుకుని చూశారు. "ముద్దాయి తీసుకుని వెళ్లగలిగే తాళం ఏం తాళమయ్యా? మంచి మేస్త్రిని పిలిపించండి. అన్నట్టు, ఒక్కడేనా? మధ్యాహ్నం నేను మళ్లీ ఇటే వస్తాను. విదేశీ ప్రతినిధులుంటారు. కనీసం ఇద్దరుంటే బాగుంటుంది."

పావుగంటలో మార్కెట్ చివరి షాపు మేస్త్రి పనిముట్ల పెట్టెతో వచ్చాడు. ఊచల వెనక ఉన్న మనిషిని చూసి గతుక్కుమన్నాడు.

"గురువుగారూ, మీరా!"

ఇన్‌స్పెక్టర్ ఆయన భుజంమీద చెయ్యి వేశాడు. "ముందు పని చూడు. మాటలు తర్వాత."

శిష్యుడు తాళం విప్పాడు, నూనె వేశాడు, బిగించాడు. బయట నుంచి వేసి చూశాడు, బాగానే పడింది. పెట్టె పక్కన పెట్టి, నేర్చుకున్న పద్ధతి ప్రకారం, తలుపు తెరిచి లోపలికి అడుగు వేశాడు.

"ఒరేయ్, లోపలికి..." అని లేచాడు మేస్త్రి.

"మేస్త్రీ!" రైటర్ వేలు పెదాలమీద పెట్టుకుని, గోడమీద కొత్తగా అంటించిన మొదటి హక్కు చూపించాడు: మౌనంగా ఉండుట. ఫారంల కట్టలోంచి ఇంకొకటి లాగి, కలం తెరిచి పట్టుకున్నాడు.

శిష్యుడు తలుపు లాగాడు. తాళం చక్కగా పడింది.