కట్టి ఉంచిన గాలిమర

ఆ ఉదయం గణేశ్వరరావు వేసుకున్న పథకం చాలా సరళమైనది. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి రిబ్బను కత్తిరిస్తారు, గాలిమర తిరుగుతుంది, ఆ దీవిలో వండూర్ దగ్గర, సునామీలో ఇళ్ళు పోయిన కుటుంబాల షెల్టర్లలో దీపాలు వెలుగుతాయి.

ఆ కుటుంబాలు రేకుల షెల్టర్లలోకి చేరి రెండో ఏడు నడుస్తోంది. గాలిమరను నిలబెట్టి ఆరు నెలలైనా, ప్రారంభోత్సవం ఒకసారి తుపాను వల్ల, మరోసారి విమానం రాక వాయిదా పడింది. ప్రారంభానికి ముందే తిరిగితే అది పాత సరుకైపోతుందని జూనియర్ ఇంజనీరు గణేశ్వరరావు నమ్మకం. అందుచేత బ్రేకు బిగించి, రెక్కలను తాళ్ళతో కట్టించి, ఎవరినీ ముట్టనివ్వవద్దని కాపలాదారు గవరయ్యను ఆదేశించాడు. చీకట్లో వంట చేసుకునే ఆడవాళ్ళు విప్పమని ఎన్నిసార్లు అడిగినా గవరయ్య పంపేశాడు. అడిగినవారిలో అతని భార్య చిన్నమ్మి కూడా ఉంది.

అతిథి రాకముందు ఒకసారి తిప్పి చూద్దామని తాళ్ళు విప్పగానే గేర్‌బాక్సు లోపల బండరాళ్ళు దొర్లిన మోత మొదలైంది. విప్పి చూసే వ్యవధి లేదు, అధికారి వచ్చేశారు. గణేశ్వరరావు మైకు సెట్టు అతనికి పాటలు గట్టిగా పెట్టమని చెప్పాడు. గాలి పెరిగితే మోత పెరిగింది, మోతతో పాట, పాటతో అధికారిగారి ఉపన్యాసం. చివరకు గొంతు బొంగురుపోయి, ఆయన పాటలు ఆపమన్నారు.

పాట ఆగింది. ఎక్కడినుంచో తెలియని లోతైన గర్జన ఒకటి మిగిలింది. చెట్ల వెనకే సముద్రం. ఎవరూ ఎవరినీ అడగలేదు. జనమంతా కొండవైపు పరుగెత్తారు. కత్తెర చేతిలోనే ఉండగా అధికారిగారూ పరుగెత్తారు. పైనుంచి చూస్తే సముద్రం నిశ్చలంగా ఉంది, గాలిమర మాత్రం అదే మోతతో తిరుగుతోంది. అయినా చిన్నమ్మి, ఎవరి పిల్లలనో ఇద్దరిని చాలాసేపటివరకు చంకనుంచి దించలేదు.

రొప్పుతూ దిగివచ్చిన అధికారి ఆ మోతకు కారణం అడిగారు. గణేశ్వరరావు చెయ్యి దానంతటదే గవరయ్యవైపు లేచింది.

"ఇతనే సర్. రాత్రిళ్ళు దొంగచాటుగా తిప్పి అరగ్గొట్టాడు."

"నై సాబ్," అన్నాడు గవరయ్య. "మీరు ముట్టొద్దన్నారు. నాను ముట్నేదు."

రేపటినుంచి పనికి రానక్కర్లేదని అందరి ఎదుటా చెప్పేసి, నేరం రుజువు చేయడానికి గణేశ్వరరావు స్తంభాన్ని వాల్పించి, గేర్‌బాక్సు తానే విప్పాడు.

రుజువు దొరికింది. దొంగచాటుగా తిప్పి ఉంటే, ఇరుసును మోసే బేరింగు చుట్టూ సమంగా అరగాలి. కాని దాని ఉక్కు వలయం మీద ఒక్కొక్క రోలరు నిలిచిన చోట ఒక్కొక్క గుంట ఉంది, మధ్యలో అంతా కొత్త మెరుపే. కట్టేసిన రెక్కలను గాలి ఆరు నెలలు వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపింది. ఆ కదలికకు రోలర్ల కింది గ్రీజు తప్పుకుంది, ఉక్కును ఉక్కు తిన్నది. చదువుకునే రోజుల్లో గణేశ్వరరావు ఈ జబ్బు గురించి పరీక్షలో రాశాడు కూడా.

వలయాన్ని అధికారి ముందు పెట్టాడు. "ఈరోజు దాకా ఇది ఒక్కసారి కూడా తిరగలేదు సర్," అన్నాడు నేలచూపులతో. "తిరిగుంటే బాగుండేది. కట్టించింది నేను."

గవరయ్య ముందుకు వచ్చి, ఎంతో వినయంగా అడిగాడు.

"అయితే సాబ్, రేపు డూటీకి రావాలా? వస్తే మీరు సెప్పింది సెయ్యాలా, వద్దా?"

గణేశ్వరరావు ముఖం తిప్పుకుందామనుకున్నాడు గాని, ఏ వైపు తిప్పినా షెల్టరు జనమే ఉన్నారు.