ఖాళీ పెట్టె తిరిగివ్వకూడదు

ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని పెద్దలు చెప్పారు. సరే. మరి డబ్బానే తిరిగి ఇవ్వకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆత్మకూరు బజారులో పూజాసామగ్రి అంగడి నడిపే రత్తయ్యకు ఈ సందేహం ముప్పై ఏళ్లుగా ఉంది. రోజూ దీపం పెట్టందే కాఫీ ముట్టని మనిషి గనుక, ఏ పురాణ కాలక్షేపంలోనైనా దీనికి జవాబు దొరక్కపోతుందా అని చెవి ఒగ్గి వినేవాడు. గోదానం గురించి చెప్పారు, భూదానం గురించి చెప్పారు. డబ్బా ఊసెత్తినవాళ్లు లేరు.

ఆ డబ్బా ఆయన ఇంట్లోనే, అటక మీద ఉంది. కొండకర్రతో చేసింది. మూత పైకి లేవదు, పక్కకి జారుతుంది. వయసులో ఉండగా వ్యాపారం నేర్చుకోమని నాయన ఆయన్ని ఉదయగిరిలో పెద్దమ్మ వరసయ్యే పిచ్చమ్మ ఇంట్లో ఉంచాడు. పెదనాయన అంగట్లో పొట్లాలు కట్టడం, పిచ్చమ్మ చేతి అన్నం తినడం, అదే పని. తిరిగి వచ్చే రోజు ఆమె అరిసెలు చేసి, ఆ డబ్బాలో సర్ది, "డబ్బా మాత్రం మరిచిపోకుండా తెచ్చియ్యి నాయనా" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

అరిసెలు వారం తిరక్కుండానే అయిపోయాయి. ఖాళీగా ఇవ్వకూడదు గనుక ఏదైనా పెట్టి ఇద్దామనుకున్నాడు. మొదటి ఏడాదైతే లడ్లు సరిపోయేవి. రెండో ఏటికి లడ్లతో పాటు రవికగుడ్డ ఉంటే బాగుంటుందనిపించింది. అయిదో ఏటికి చీర లేకుండా పోవడం మర్యాద కాదనిపించింది. ఆలస్యం పెరిగేకొద్దీ పెట్టాల్సింది పెరుగుతూ వచ్చి, చివరికి ఆ డబ్బాలో పట్టేదేదీ చాలదన్న చోట ఆగింది. అప్పటినుంచి ఉదయగిరిలో పెళ్లికి పిలుపొస్తే రత్తయ్యకు నడుం పట్టేసేది.

అటువంటి మనిషి ఒకరోజు పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కాల్సి వచ్చింది. కారణం భార్య ఆదిలక్ష్మమ్మ చేసే సున్నుండలు. కొండాపురం పెద్దరైతు రాజమోహన్ తన కూతురి పెళ్లికి వచ్చినవాళ్లందరికీ వాటినే ఇవ్వాలని ముచ్చటపడ్డాడు. అయితే క్యారీబ్యాగులో వేసి ఇస్తే వియ్యంకులు నవ్వుతారని, మంచి అట్టపెట్టెల్లో ఉండాలని షరతు పెట్టాడు. ఆదిలక్ష్మమ్మ కాపురానికి వచ్చినప్పటినుంచి ఊరందరికీ సున్నుండలు చేసి పెట్టింది గాని, ఆమె పేరు చెప్పి అడిగినవాళ్లు వీళ్లే మొదలు. ఆ రాత్రి ఆమె విసనకర్ర పక్కన పెట్టి, "నా పని నేను చూసుకుంటా. పెట్టెలు మీ బాధ్యత. ఇది చెడిందంటే మళ్లీ నన్ను ఎవురికీ చెయ్యమనొద్దు" అన్నది. రత్తయ్యకు ఆ మాట గుండెలో పడింది.

కోడలు ఉషారాణి ఫోనులో వెతికి, ఉదయగిరిలో పెట్టెల తయారీ మీద ఉచిత శిక్షణ జరుగుతున్నదని కనిపెట్టింది. మామయ్య ముఖం ఎందుకు పాలిపోయిందో ఆమెకు అర్థం కాలేదు.

శిక్షణ ఒక కల్యాణమండపంలో. పిచ్చమ్మ ఉండే వీధికి అది రెండు సందుల అవతల. రత్తయ్య తువ్వాలు తలకు చుట్టుకుని లోపలికి పోయాడు. చెప్పే అమ్మాయి పేరు శ్రీదివ్య, తన కోడలికన్నా చిన్నది. అట్టకు కూడా కట్టెకున్నట్టే పీచు ఉంటుందనీ, పీచు వెంట మడిస్తే నున్నగా మడత పడుతుందనీ, అడ్డంగా మడిస్తే విరుగుతుందనీ చూపించింది. మడత రావాల్సిన చోట సిరా అయిపోయిన పెన్నుతో గట్టిగా గీత లాగమన్నది. పెట్టె అనేది ముందు పెట్టె కాదు, నేల మీద విప్పి పరిచిన అట్ట అని చెప్పింది.

అందరూ తంటాలు పడుతుంటే రత్తయ్య వేళ్లు మాత్రం వాటంతటవే కదిలాయి. నాయన రోజుల్లో అంగట్లో పైనుంచి దారపుండ వేలాడుతుండేది. నాయన గిరాకీతో మాట్లాడుతూనే, కాగితం వైపు చూడకుండా, చింతపండు పొట్లం కట్టి దారం తెంపేవాడు. ఆ పొట్లం గుర్రబ్బండి మీదనుంచి పడినా విడేది కాదు. క్యారీబ్యాగులు వచ్చాక ఆ విద్యతో ఎవరికీ పనిలేకపోయింది. ఇన్నాళ్లకు అట్ట అంచు బొటనవేలి కింద మడత పడుతుంటే, దారపుండ నీడ బల్లమీద ఊగుతున్నట్టే అనిపించింది. "సార్, మీరు ఇదివరకు నేర్చుకున్నారా?" అని శ్రీదివ్య అడిగింది. "మా నాయన నేర్పినాడమ్మా. పెట్టెలు కాదు, పొట్లాలు" అన్నాడు.

చివరి రోజు ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. బొమ్మ గీసేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలట. పెట్టెను ఎక్కడ పట్టుకుంటారు, ఎటునుంచి తెరుస్తారు. రెండు ప్రశ్నలయ్యేసరికి భోజనాలకు లేచారు. రత్తయ్య మనసాగక పిచ్చమ్మ వీధి దాకా నడిచాడు. ఆమె అరుగు మీద కూర్చుని కందులు ఏరుతున్నది. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిలో ఏమీ లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఈయన గోడచాటునే నిలబడి నిలబడి వెనక్కి తిరిగాడు. వచ్చేసరికి మూడో ప్రశ్న అయిపోయి, జిగురు గురించి చెబుతున్నారు.

పెట్టె మీద బొమ్మ విషయంలో రత్తయ్యకు ఆలోచన అక్కర్లేకపోయింది. ఏ పనైనా పెంచలకోన నరసింహస్వామిని తలుచుకుని మొదలుపెట్టే ఇల్లు అది. మూత నిండా స్వామి, పక్కన అమ్మవారు. మడత గీత స్వామి కంఠం మీద పడకుండా కొలత మూడుసార్లు సరిచేశాడు. మూత తెరవడానికి వేలు పెట్టే గంటు సరిగ్గా స్వామి పాదాల దగ్గర వచ్చేట్టు చేశాడు. సున్నుండ తినాలంటే ముందు పాదాలు ముట్టుకోవాలి. ఇంత భక్తిగల పెట్టె జిల్లాలో లేదనుకున్నాడు. నెయ్యి అంటకుండా పైన ప్లాస్టిక్ పూత వేయించాడు. అడుగున అంగడి చిరునామా, ఫోను నంబరు. ఆదిలక్ష్మమ్మ చూసి కళ్లకద్దుకుంది. పెళ్లినాటికి ఇంట్లో అందరూ కూర్చుని మడిచారు.

కొండాపురంలో పెళ్లి బాగానే జరిగింది. చిక్కంతా భోజనాలయ్యాక మొదలైంది. పెట్టెలు వాకిట్లో చాప మీద పేర్చి ఉంటే రాజమోహన్ తల్లి చూసి, స్వామిని నేల మీద పెడతారా అని బల్లలు తెప్పించింది. అప్పటికే చెప్పులు వేసుకున్న జనం, బొమ్మ చూసి, చెప్పులు విడిచి మరీ పెట్టె అందుకున్నారు. విడిచిన చెప్పుల మీద వెనకవాళ్లు విడిచారు. కొందరు పెట్టెను రెండు చేతులతో నెత్తిన పెట్టుకున్నారు గనుక, కింద ఎవరి చెప్పులు ఎవరివో వంగి చూసుకునే వీల్లేకపోయింది. మోటారు సైకిలు మీద వచ్చినవాళ్లు కాళ్ల దగ్గర పెట్టలేక, భార్య చేతికిస్తే ఆమె పిల్లను ఎత్తుకోలేక, తగవులు పడ్డారు. మగపెళ్లివారి బస్సు కదలడానికి గంట పట్టింది. వియ్యంకుడు ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఎవరిదో ఆడవాళ్ల చెప్పు వేసుకుని బస్సెక్కాడు.

రాజమోహన్ రత్తయ్యను పక్కకు పిలిచాడు. "రత్తయ్యా, నేను పెట్టెలు చేసియ్యమన్నానా, గుడి కట్టమన్నానా?"

మర్నాటినుంచి ఫోను మోగింది. ఇది కోన ప్రసాదమా అని ఒకరు. ఇంట్లో చేపల పులుసు వండాం, లోపలికి తేవచ్చా అని ఇంకొకరు. తలస్నానం చేసి తినాలా అని జలదంకినుంచి ఒక ముసలమ్మ. స్నానం చేసి తింటే చెడేదేముంది అన్నాడు రత్తయ్య, అబద్ధం ఆడినట్టు కాకుండా. ఆ మాట నియమమై ఊళ్లు తిరిగింది. నాలుగు రోజుల తర్వాత ప్రశ్న మారింది. తినేశాం, ఇప్పుడు పెట్టె ఏం చెయ్యాలి? స్వామి బొమ్మ చెత్తలో వెయ్యకూడదు. చించకూడదు. పొయ్యిలో పెట్టకూడదు. రత్తయ్యకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఆలోచించి, పారే నీళ్లలో కలపమన్నాడు.

దాంతో జనం పెట్టెలు పట్టుకుని పెన్నకు పోయారు. ప్లాస్టిక్ పూత ఉంది గనుక అవి తడవలేదు, మునగలేదు. ఒక సాయంత్రం సోమశిలనుంచి పెంచలయ్య అనే చేపలు పట్టే అతను ఫోను చేశాడు. పెట్టె అడుగున నంబరు చెక్కుచెదరలేదు మరి.

"అయ్యా, మీ స్వామి నా వలలో పడినాడు. ఒకడు కాదు, శానామంది. చేపల చేత్తో ఎట్ల ముట్టుకునేది? మీరే వచ్చి తీసకపోండి."

రత్తయ్య పోయి, మోకాటిలోతు నీళ్లలో దిగి, పేరుపేరునా దండం పెట్టి ఏరుకుని గోతంలో వేసుకున్నాడు. ఒడ్డున కూర్చుని శ్రీదివ్యకు ఫోను చేసి, ఆ మూడో ప్రశ్న ఏందమ్మా అని అడిగాడు. "అయిపోయాక పెట్టెను ఏం చేస్తారు, అని సార్" అన్నది ఆ అమ్మాయి.

ఇక నీళ్లలో వదిలి లాభంలేదని, పెట్టెలు అంగట్లో తిరిగి ఇచ్చెయ్యమని ఉషారాణి చేత అందరికీ ఫోనులో కబురు పెట్టించాడు. ఆదిలక్ష్మమ్మ మినుములు వేయించే మూకుడు తోమి బోర్లించింది. ఆ మూకుడు చూసినప్పుడల్లా రత్తయ్యకు అన్నం సహించలేదు.

పెట్టెలు రాసాగాయి. కండక్టర్లు కట్టలు దించిపోయారు. ముసలమ్మలు చెంగుకింద పెట్టుకుని తెచ్చారు. రత్తయ్య తల ఎత్తకుండా అందుకుని మూలన పేర్చాడు. లోపల తిట్లేమైనా రాసి పెట్టారేమోనని తెరవలేదు. సాయంత్రం భర్తకు కాఫీ తెచ్చిన ఆదిలక్ష్మమ్మ ఒక పెట్టెను జరపబోయి, బరువుగా ఉందని మూత తీసింది.

అందులో దోసెడు మినుములు ఉన్నాయి. ఇంకోదాంట్లో నిమ్మకాయలు. ఒకదాంట్లో బెల్లం ముక్క, ఒకదాంట్లో పసుపుకొమ్ములు, ఒకదాంట్లో చిటికెడు చక్కెర. ఒక్కటంటే ఒక్కటి ఖాళీగా లేదు. అప్పుడే వచ్చిన కొండాపురం అవ్వను ఇదేందమ్మా అని అడిగితే, ఆమె వింతగా చూసి, "ఖాళీ పెట్టె ఎట్ల ఇస్తాం తల్లీ? స్వామి పెట్టె గూడా. మా మనవరాలి సీమంతానికి ఈ మినుముల్తోనే చేసియ్యి. పెట్టె మీద బొమ్మ మాత్రం వద్దు" అన్నది.

చీకటి పడేలోగా రాజమోహన్ కూడా వచ్చాడు. తన పెట్టెలో తన తోట నిమ్మకాయలే తెచ్చాడు. వియ్యంకులు తమకు పెళ్లిలో ప్రసాదం పెట్టారని అందరికీ చెప్పుకుంటున్నారట. వాళ్లు స్నానం చేసి వీధంతా తలా ఒకటి పంచడంతో ఆదిలక్ష్మమ్మ సున్నుండలు పిలవని ఇళ్లకు కూడా చేరాయి. దసరాకు మళ్లీ కావాలన్నాడు. "ఈసారి గులాబీపువ్వో గుమ్మడికాయో వెయ్యి రత్తయ్యా. మా వియ్యంకుడికి చెప్పులు కొనలేక సస్తన్నా."

ఆదిలక్ష్మమ్మ లేచి ఇంటికి పోయి, బోర్లించిన మూకుడు తిరగేసింది.

రత్తయ్య మాత్రం చక్కెర చిటికెడు ఉన్న పెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. పెట్టినావిడ ఎవరో సిగ్గుపడలేదు. తీసుకున్న ఆదిలక్ష్మమ్మా తక్కువనుకోలేదు. చిటికెడు చక్కెర చాలునట. ఇది తెలుసుకోవడానికి తనకు ఇంతకాలం ఎందుకు పట్టిందో స్వామికే తెలియాలి.

మర్నాడు కొండకర్ర డబ్బా అటక దిగింది. కొత్త మినుముల సున్నుండలతో నింపి, ఒళ్లో పెట్టుకుని, తువ్వాలు తలకు చుట్టుకోకుండా ఉదయగిరి పోయాడు. పిచ్చమ్మ అరుగు మీదే ఉంది.

"ఎవురూ?"

"నేను పెద్దమ్మా. ఆత్మకూరు రత్తయ్యని."

"బతికే ఉండావా? నీ నడుం నొప్పి తగ్గిందా?" అన్నది పిచ్చమ్మ. ఆయన డబ్బా ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని చేత్తో తడిమి, మూత కొంచెం జరిపి, మళ్లీ మూసింది. ముఖంలో నవ్వూ కాదు, ఏడుపూ కాదు.

"ఇది ఇంకా ఉండాదా? ఇది నాది కాదురా. పక్కింటి లిదియమ్మది. నీకు అరిసెలు పెట్టేదానికి ఒక్కరోజుకని తెచ్చినా. నువ్వు తెస్తావు తెస్తావని ఆమెకు చెప్పి చెప్పి, ఇంక చెప్పలేక, ఆమె చర్చికి పొయ్యే వేళకి నేను తలుపేసుకుంటా ఉండా."

"పక్కిల్లే గదా పెద్దమ్మా."

"పక్కిల్లు కాబట్టే. అదే ఆత్మకూరైతే నీ మాదిరి నాకూ నడుం నొప్పి వచ్చేది."

ఆమెకు చెయ్యి ఆసరా ఇచ్చి రత్తయ్యే తీసుకుపోయాడు. లిదియమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కళ్లద్దాలు పైకి తోసి డబ్బాను చూసింది, ఇద్దరినీ చూసింది. మూత జరిపి లోపల వాసన పీల్చింది. ఇది మా నాయన చేతి పని అని మెల్లగా అన్నది. తర్వాత ఒక సున్నుండ కొరికి, నమిలి, పిచ్చమ్మవైపు తిరిగింది.

"డబ్బా అడిగిన రోజు నాకూ అరిసెలు పంపిస్తానన్నావే."

పిచ్చమ్మ ఆ పూటే పాకం పట్టింది. ముగ్గురూ లిదియమ్మ వసారాలో కూర్చుని తిన్నారు. ఇద్దరు ముసలమ్మలూ కనపడకుండా తిరిగిన రోజుల్లో ఎవరు ఏ కిటికీలోనుంచి చూశారో ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటుంటే, రత్తయ్యకు పెదనాయన అంగడి, దారపుండ, పొట్లాల మధ్య నిద్రపోయిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.

బస్సు వేళకు పిచ్చమ్మ మిగిలిన అరిసెలు ఒక స్టీలు డబ్బాలో పెట్టి చేతికిచ్చింది. బస్సు కదలకముందే రత్తయ్య దాన్ని తిరగేసి, అడుగున చెక్కిన పేరు పిచ్చమ్మదేనా అని చూసుకున్నాడు.