పదిహేను రోజుల వైరాగ్యం

అత్తగారు బయల్దేరుతున్నారని ఫోన్ వచ్చిన అరగంటకు పైతూన్‌కు వైరాగ్యం పుట్టింది.

రాచ్‌బురి బజారులో పాత ఫ్యాన్లు బాగుచేసుకునే మనిషి. ఆ దేశంలో మగవాడన్నాక ఒక్కసారైనా గుండు చేయించుకుని, కాషాయం కట్టి, కొన్నాళ్లు గుడిలో బౌద్ధ భిక్షువుగా ఉండి వస్తాడు. పైతూన్ మాత్రం “వచ్చే ఏడు చూద్దాం” అంటూ నలభై మూడేళ్ల వయసుదాకా లాక్కొచ్చాడు. కన్నతల్లి ఆ ముచ్చట చూడకుండానే పోయింది.

అత్తగారు బున్నాక్ దూరాన ఉన్న సూరిన్ అనే ఊరి నుంచి బస్సులో వస్తుంది, ఒళ్లో పులియబెట్టిన చేపల జాడీతో. ఆ జాడీ ఫ్రిజ్‌లోకి వస్తే అల్లుడి బీరు సీసాలు బయటికి వస్తాయి. తెల్లవారి అయిదింటికి చీపురు పట్టి ఆవిడ అల్లుడి మంచం కింద ఊడుస్తుంది, అల్లుడు మంచం మీద ఉండగానే. సాయంత్రం టీవీలో బాక్సింగ్ మొదలయ్యే వేళకు సరిగ్గా ఆవిడ సీరియల్ మొదలవుతుంది.

“ఉరై, నేను సన్యాసం పుచ్చుకుంటాను” అన్నాడు పైతూన్ గంభీరంగా.

పెళ్లాం బొప్పాయికాయ తరుగుతూ తల కూడా ఎత్తలేదు. “అమ్మ ఎన్నాళ్లుంటానంది మావా?”

“పదిహేను రోజులు.”

“నీ సన్యాసం ఎన్నాళ్లు?”

“అదీ... పదిహేనే.”

“భలే కుదిరిందే!”

“మంచి పనికి లెక్కలేంటే? రేపే పోతాను.”

“రేపెలా పోతావు? అమ్మ రావద్దూ? పెద్దల కాళ్ల దగ్గర కూర్చుని క్షమాపణ అడక్కుండా ఎవడికైనా గుండు గీస్తారా? అమ్మ వస్తుంది, అప్పుడు పోదువుగాని” అంది ఉరై. ఆ సాయంత్రానికల్లా వీధి వీధంతటికీ కబురు చేరింది. డప్పులవాళ్లకు కూడా చెప్పేసింది. ఇక వెనక్కి తగ్గడానికి దారి లేదు.

సన్యాసం పుచ్చుకునే రోజు రానే వచ్చింది. పైతూన్ పూల పళ్లెం పట్టుకుని అత్తగారి ముందు మోకరిల్లాడు. “తెలిసీ తెలియక మాటతో, చేతతో, మనసుతో చేసిన తప్పులన్నీ క్షమించండి అత్తయ్యా” అని బట్టీపట్టిన ముక్క గడగడా అప్పజెప్పాడు.

“జాడీని పెరట్లోకి గెంటిన సంగతి?” అంది ఉరై వెనకనుంచి.

“అదీను” అన్నాడు పైతూన్.

ముసలావిడ నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ ఏడ్చింది. “నాకు ముగ్గురూ ఆడపిల్లలే నాయనా. కొడుకు కట్టిన కాషాయం అంచు పట్టుకుని తల్లి స్వర్గానికి పోతుందంటారు. నాకా రాత లేదనుకున్నాను. నువ్వు నా కోసం కడుతున్నావు.”

మొదటి జుట్టుపాయ ఆవిడే కత్తిరించి తామరాకులో పెట్టింది. తర్వాత గుండు అయింది. కనుబొమలు కూడా పోయాయి. అద్దంలో చూసుకుంటే ఉడకబెట్టి ఒలిచిన గుడ్డు కనిపించింది. పైతూన్‌కు లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది గానీ, బయట డప్పులు మోగుతున్నాయి, వీధిలోని ఆడవాళ్లంతా చిందులేస్తున్నారు. మొత్తానికి తప్పించుకున్నాను కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ తృప్తి మర్నాడు పొద్దుటిదాకా ఉంది. చెప్పుల్లేకుండా ఊరంతా తిరిగి, భిక్షాపాత్రతో భోజనాల సావడికి వచ్చేసరికి ఎదురుగా తెల్లబట్టలు కట్టుకుని బున్నాక్ కూర్చుని ఉంది.

“తమరు లేని ఇంట్లో నాకేం పని స్వామీ? ఈ పదిహేను రోజులూ గుడిలోనే వ్రతం. పెద్ద స్వామివారిని అడిగాను, సరే అన్నారు.”

నిన్నటిదాకా “ఒరే అల్లుడా” అన్న నోరు. నొప్పుల మోకాళ్లు ముడిచి, మూడుసార్లు నేలకు నుదురు ఆనించింది. లేవడానికి స్తంభం పట్టుకోవాల్సి వచ్చింది. చెయ్యందిద్దామంటే భిక్షువు ఆడవాళ్లను తాకకూడదు. చూస్తూ కూర్చున్నాడు.

అతను పరిచిన గుడ్డ మీద ఆవిడ గిన్నె పెట్టింది. జాడీలోని చేపలే. భిక్షువు వద్దనకూడదు. తిన్నాడు. మధ్యాహ్నం దాటితే మళ్లీ పొద్దుటిదాకా మెతుకు ముట్టకూడదు కాబట్టి రెండోసారి కూడా వేయించుకున్నాడు. తెల్లవారి అయిదింటికి అతని కుటీరం చుట్టూ చీపురు చప్పుడు రోజూ వినిపిస్తూనే ఉంది.

నాలుగోరోజు ఉరై వచ్చి చేతులు జోడించింది. “ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను స్వామీ. టీవీ రిమోట్ రోజంతా నా చేతిలోనే.”

“మీ అమ్మను ఇంటికి తీసుకుపోవే, నీకు పుణ్యముంటుంది!”

“సన్యాసులు పెళ్లాన్ని ‘వే’ అనొచ్చా స్వామీ?”

రోజులు గడిచేకొద్దీ పైతూన్‌కు ఆ మూడు దండాలు మోయలేని బరువయ్యాయి. ఆవిడ వంగినప్పుడల్లా పారిపోవాలనిపించేది. కానీ పారిపోయి వచ్చిన చోటు అదే కదా. కన్నతల్లి గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయేవాడు.

ఆఖరి రోజు సాయంత్రం సావడిలో ఉరై, బున్నాక్ ఎదురుగా కూర్చున్నారు. పక్కనే పెద్ద స్వామి పేపరు చదువుకుంటున్నారు.

“రేపటికి కాషాయం విప్పేస్తారు. ఒక్కమాట అడగనా స్వామీ?” అంది ముసలావిడ. “తమరు ఇది ఎవరి కోసం కట్టారు?”

భిక్షువు అబద్ధం ఆడకూడదు. పైతూన్ దూలాల వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. పేపరు కదలడం మానేసింది.

“మీ కోసం కాదు అత్తయ్యా. మీ నుంచి తప్పించుకోవడానికి” అన్నాడు. చెవులు కాలిపోయాయి. “చీపురుకీ, జాడీకీ, సీరియల్‌కీ భయపడి వచ్చాను. మీ దండాలకు నేను తగను. నాకు సిగ్గుగా ఉంది.”

బున్నాక్ తాపీగా తమలపాకు మడిచింది. “తెలుసు స్వామీ. తమరు సన్యాసమన్న రోజే ఉరై ఫోన్‌లో చెప్పింది. పారిపోయేవాడు గుడివైపే పోతున్నాడు కదా, అడ్డం పడకే అన్నాను.”

“మరి తెలిసీ ఎందుకడిగారు?”

“ఇంట్లో అడిగితే అబద్ధమాడతారుగా! ఆ నోటి నుంచి ఒక్క నిజం వినాలని పదిహేను రోజులు కాచుకున్నాను.”

పేపరు వెనక పెద్ద స్వామికి దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

“దండాలంటావా, అవి కాషాయానికి. నీక్కాదులే” అంది ఆవిడ లేస్తూ.

మర్నాడు చొక్కా ప్యాంటు వేసుకుని, కనుబొమల్లేని మొహంతో పైతూన్ గుడి మెట్లు దిగాడు. ఎవరూ అడక్కుండానే జాడీ ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చున్నాడు.

“బస్సు ఎన్నింటికి అత్తయ్యా?”

“బస్సేమిట్రా? వచ్చింది అల్లుడింట్లో పదిహేను రోజులుండాలని. ఉన్నది గుడిలో. ఆ పదిహేనూ ఇవాళ్టినుంచి.”

ఉరై బయటికి చూస్తూ పెదవి కొరుక్కుంది. ఇంటికెళ్లగానే పైతూన్ బీరు సీసాలు తనే తీసి, జాడీని ఫ్రిజ్‌లో పెట్టాడు.

మర్నాడు తెల్లవారి అయిదింటికి మంచం కింద చీపురు చప్పుడైంది. పైతూన్ దిగి, ఆవిడ చేతిలోంచి చీపురు తీసుకుని, ఆవిణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, నేల మీద బోర్లాపడి తనే ఊడవడం మొదలుపెట్టాడు.

ముసలావిడ మోకాళ్లు నిమురుకుంటూ కాసేపు చూసింది.

“ఆ మూల వదిలేశావురా అల్లుడా” అంది.