బీరువా కింద శ్రోతలు

ఆ మధ్య ఒక సాయంత్రం మా ఇంట్లో తండ్రీకూతుళ్లు ఒక పొట్టి పీట కోసం కొట్లాడుకున్నారు. గట్టిగా కాదు, గుసగుసగా. పగలంతా పనిచేసి వచ్చాను కాబట్టి పీట నాదని ఆయన. కాలేజీ బస్సులో నిలబడి వచ్చాను కాబట్టి నాదని అమ్మాయి. పీటకు చెరో కాలూ పట్టుకుని, పెదాలు మాత్రం కదుపుతూ, ఆసుపత్రి వరండాలో ఆస్తి పంచుకుంటున్న వాళ్లలా పోట్లాడుకున్నారు. ఇంట్లో కుర్చీలు లేక కాదు. ఆ వెనక గదిలోకి కుర్చీ పనికిరాదు. మనిషి ఎత్తుగా కనిపిస్తే అందులోని పిల్లికూనలు హడలిపోతాయి.

అందుకే ఒక మాట చెప్తాను, నవ్వకండి. మనుషుల్ని చూస్తే పై ప్రాణాలు పైనే పోయే పిల్లికూనలు ప్రతి ఇంట్లోనూ ఉండి తీరాలి! పిలిస్తే వచ్చి ఒళ్లో కూర్చునేవి కావు. వాటివల్ల సంసారానికి ఏమీ ఒరగదు. బీరువా కింద దూరి, మీ మొహం చూడటానికి కూడా ఇష్టపడనివి కావాలి.

మావి ఎలా వచ్చాయో చెప్తాను. మా ఊళ్లో కొందరు కలిసి ఒక జట్టుగా ఏర్పడ్డారు. షాపుల వెనకా, పార్కింగుల్లోనూ దిక్కులేకుండా దొరికిన కూనల్ని తెచ్చి, ఎవరింట్లో వాళ్లు కొన్నాళ్లు పెంచి, కావలసిన వాళ్లకు దత్తతకు ఇస్తారు. ఆ కొన్నాళ్ల పెంపకాన్ని ఫోస్టరింగ్ అంటారట. మా అమ్మాయి ఫోన్‌లో ఫోటో చూసి మనసు పారేసుకుంది. ఆ ఫోటోలో ఉన్నదల్లా చీకటీ, ఆ చీకట్లో నాలుగు కళ్లూ. ముద్దొచ్చే కూనల్ని ముందే ఎవరో ఎగరేసుకుపోయారు. బెరుకువి మిగిలాయి. మనకెప్పుడూ అంతేగా!

వాటిని తెచ్చి ఇచ్చిన అమ్మాయి పగలు పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా చేస్తుంది. భయపడేవాళ్ల చేత నోరు తెరిపించడం ఆమె వృత్తి. బుట్ట మూత తీసీ తియ్యగానే ఒకటి బీరువా కిందికీ, ఇంకొకటి పరుపుల చుట్ట వెనక్కీ మాయమయ్యాయి. వాటికి పేర్లు కూడా అవే స్థిరపడ్డాయి. ఒకటి బీరువా, రెండోది పరుపు. రంగు చూసి పెడదామంటే రంగు చూసినవాళ్లెవరు?

"పిలవొద్దాంటీ. వాటి వంక చూడొద్దు. రోజూ ఒక్కొక్కరే వెళ్లి, నేల మీదో చిన్న పీట మీదో అటు తిరిగి కూర్చుని మెల్లగా మాట్లాడండి. ఫోన్ మాత్రం బయటే పెట్టాలి, మోగితే మళ్లీ మొదటికొస్తుంది" అంది నర్సమ్మాయి.

"ఏం మాట్లాడాలమ్మా?"

"ఏదైనా. వాటికి అర్థమవ్వాలని ఏముంది?"

ఇన్నేళ్ల సంసారంలో నేను విన్న గొప్ప మాటల్లో ఇదొకటి.

ముందు గృహశాంతి సంగతి చూడండి. తలుపులు దబాలున వేయడం మానేశాం. టీవీ గొంతు తగ్గింది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాత్రూంలోకి కేకలు వేసుకునే అలవాటు పోయి, కావలసినవాళ్లు కావలసినవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లి చెప్పడం మొదలుపెట్టారు. నా అభిప్రాయం అడిగితే, చట్టసభలో ప్రతి బల్ల కిందా ఇలాంటి కూనను ఒకదాన్ని ఉంచాలి. మైకులు విరగవు. అపార్ట్‌మెంట్ మీటింగులో ఒకటి ఉంటే పార్కింగ్ గొడవ తేలకపోయినా సెక్రటరీ బీపీ పెరగదు. టీవీ చర్చల్లో యాంకర్ కుర్చీ కింద రెండు పెట్టాలి. ఒకటి చాలదు.

అయినా అసలు లాభం ఇది కాదు.

మొదట్లో మావాళ్లకు పిల్లులతో ఏం మాట్లాడాలో తోచలేదు. తోచక చదివారు. ఆయన వాషింగ్ మెషీన్‌తో వచ్చిన పుస్తకం చదివి వినిపించారు, వారంటీ షరతులతో సహా. అమ్మాయి ఆడిటింగ్ పాఠాలు చదివింది. కూనలు హాయిగా నిద్రపోయాయి. క్లాసులో పిల్లలందరూ చేసేదీ అదేనట. అత్తగారు మాత్రం, పిల్లితో మాట్లాడటానికి నాకేం మతి పోయిందా అని భీష్మించుకుని, మూడో రోజుకల్లా అందరికంటే ముందు వెళ్లి అందరికంటే ఆలస్యంగా బయటికొచ్చారు.

పుస్తకాలు ఎంతసేపు చదువుతారు? అయిపోయాయి. అప్పుడిక మాట్లాడారు!

నేను చాటున వినలేదు. నాకలాంటి అలవాటు లేదు. ఆ గది తలుపు దుమ్ము పట్టేస్తోంది, తుడిచాను. రోజూ తుడిచాను. మా వీధి మొత్తంలో అంత నిగనిగలాడే తలుపు లేదు.

మా ఆయన్ని ఆఫీసు ఎలా ఉందని అడిగితే "ఉంది" అంటారు. పెళ్లయినప్పటినుంచీ అదే జవాబు. ఆఫీసు ఎక్కడికీ పోలేదని నాకు రూఢి అవుతుంది తప్ప మరేమీ తెలియదు. ఆ మనిషి బీరువాకి చెబుతున్నారు.

"ఆఫీసులో భోజనాల దగ్గర నా ఎదురు కుర్చీ ఖాళీరా. రోజూ నాతో కలిసి తినే పక్క సీటాయన రిటైరయ్యాక ఎవరితో తినాలో తెలియడం లేదు. ఫైలు ముందేసుకుని సీట్లోనే తినేస్తున్నాను. పనుందనుకుంటారు."

డబ్బాలో సగం వెనక్కి తెస్తున్నారని నేను అన్నాళ్లూ నా కూరల్ని అనుమానించాను! మర్నాడు రెట్టింపు పెట్టి, పొరపాటున ఎక్కువ వండాను, ఎవరికైనా పెట్టండి అన్నాను. ఆ వారంలోనే డబ్బా ఖాళీగా రావడం మొదలైంది. సెక్షన్‌లో కొత్తగా చేరినవాడెవడో బాగా తింటాడట. ఇదీ నాతో కాదు, పరుపుతో చెప్పారు.

అమ్మాయి సంగతి ఇంకోలా ఉంది. కాలేజీ గురించి అడిగితే భుజాలు ఎగరేస్తుంది. ఆ భుజాల భాష నాకు రాదు. లోపల మాత్రం తెలుగే మాట్లాడింది. లెక్చరర్ అడిగినదానికి జవాబు తనకు తెలుసట, చెయ్యి ఎత్తలేకపోయిందట. "నీకు బీరువా ఉంది. నాకు ముందు బెంచీవాడి వీపు ఉంది" అంది. తలుపు మీద గుడ్డ కాసేపు కదల్లేదు.

ఇక అత్తగారు. "ఇవాళ కూర అమృతంలా చేసింది కోడలు. దానితో అనొద్దు, నెత్తికెక్కుతుంది" అని చెప్పారు. ఈ ఇంట్లో అడుగు పెట్టాక నా వంటకు అందిన మొదటి మెప్పు! పిల్లుల ద్వారా వస్తేనేం, చిరునామా నాదేగా?

ఇప్పుడు చెప్పండి. మనసు విప్పించడానికి జనం గంటల లెక్కన డబ్బు పోసి ఎవరెవరి దగ్గరికో వెళ్తున్నారు. వాళ్లు తల ఊపుతారు, మధ్యలో ప్రశ్నలు వేస్తారు. పిల్లికూన సలహా ఇవ్వదు, ఓదార్చదు, "నేనప్పుడే చెప్పానా?" అనదు. ఉన్నదో లేదో కూడా తెలియనివ్వదు. ఇంతకంటే మర్యాదస్తులు మీ చుట్టాల్లో ఉన్నారా?

కానీ నాకు దిగులు పట్టుకుంది. నర్సమ్మాయి ఫోన్ చేసి బయటికి వస్తున్నాయా అని అడిగితే, తోక కూడా కనబడటం లేదమ్మా అని ఉత్సాహంగా చెప్పేదాన్ని. పాపం, ఆ ఉత్సాహాన్ని ఆమె ధైర్యం అనుకుంది. ఎంతకీ మచ్చిక కాకపోతే వెనక్కి తీసుకెళ్లి అనుభవమున్న వాళ్లకిస్తామంది. మచ్చికైతే ఆ గదితో ఎవరికీ పని ఉండదు. అటు వెళ్లినా ఇంట్లో మాటలు ఆగిపోతాయి, ఇటు వచ్చినా ఆగిపోతాయి. జనం తిట్టడానికి వాడతారు గానీ, నాకు కావలసింది అచ్చంగా గోడ మీద పిల్లే.

గోడ దిగనే దిగాయి. ఒక సాయంత్రం బీరువా మెల్లగా వచ్చి అమ్మాయి పాదం వాసన చూసింది. మర్నాడు దాని వెనకే పరుపు. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆయన ఆనందం పట్టలేక గదిలో ఫోటోలు తీశారు. ఫోన్ లోపలికి వెళ్లిందని నేను తప్ప ఎవరూ గమనించలేదు. నర్సమ్మాయి వచ్చి చూసి మెచ్చుకుంది. ఇక తలుపు తీసేయొచ్చు ఆంటీ, ఇల్లంతా తిరగనివ్వండి, భయం పోయింది అంది.

పిల్లులకు పోయింది, నిజమే.

ఇప్పుడు వాటి మకాం హాల్లో సోఫా మీద. ఒకటి టీవీ చూస్తుంది, ఇంకొకటి ఆయన ఫోన్ వెచ్చగా ఉంటుందని దాని మీద తల పెట్టుకుని పడుకుంటుంది. పక్కన ముగ్గురూ వంచిన తలలు ఎత్తకుండా కూర్చుంటారు. ఆఫీసు ఎలా ఉంది అంటే "ఉంది". కాలేజీ ఎలా ఉంది అంటే భుజాలు. కూర ఎలా ఉంది అంటే అత్తగారు ఉప్పు అడుగుతారు. ఆ కొత్తవాడు ఇంకా ఆయనతో కలిసి తింటున్నాడా? అమ్మాయి చెయ్యి ఎత్తిందా? నేనెవర్ని అడగను? వెనక గది తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. దత్తత ఖాయం చేశారా అని నర్సమ్మాయి అడుగుతోందని చెప్పాను. అదేం ప్రశ్న, మన పిల్లలేగా అన్నారు ఆయన. అయితే ఇంకో మాట అన్నాను. ఇంకో జత వస్తోంది, బుధవారం.

"మళ్లీనా?" అన్నారు ఆయన.

"వీటికంటే బెరుకువి. ఎప్పటికీ బయటికి రాకపోవచ్చని చెప్పింది. అవే కావాలన్నాను."

అమ్మాయి నవ్వింది. వాటితో మాట్లాడటానికి ఇక తన దగ్గర పాఠాలేం మిగల్లేదంది. అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, ఈసారి ముందెవరు వెళ్తారే అని అడిగారు.

"నేనత్తయ్యా. పోయినసారి నాకు వంతు రాలేదు. చాలా ఏళ్లవి ఉన్నాయి, కాస్త సమయం పడుతుంది" అన్నాను.

ముగ్గురూ తలలెత్తి నా వంక చూశారు. ఒకేసారి చూశారు.

"తలుపు దగ్గరికి వేసుకుంటాను. గడియ మాత్రం పెట్టను."