మేకు దిగని పేట

ఏటి రేవు పక్కనున్న తాళ్ల ఫ్యాక్టరీ మూతపడి, తుప్పు తప్ప మరేమీ తయారుచేయని స్థితికి వచ్చిన చాలా కాలానికి, ఆ స్థలంలో అద్దెకుండేవాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక పేట కట్టాలని పెద్దలు తీర్మానించారు. అందులో ఇల్లు కొనుక్కోవడానికి ఎవరికీ వీల్లేదు. అందరూ అద్దెకే ఉండాలి. కాబట్టి ఆ పేటకు రూపకల్పన అద్దెదారుల మనసెరిగి చేయాలని, అందుకు ఒక సంఘం వేయాలని కూడా నిర్ణయమైంది. ఒక డాక్టరు, ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు, ఒక ఆర్కిటెక్టు సభ్యులు. అధ్యక్షుడు ఒక కాంట్రాక్టరు. అందరికీ సొంత ఇళ్లున్నాయి. అధ్యక్షుడికైతే తాను ఇంతవరకూ వెళ్లి చూడని ఇళ్లు కూడా ఉన్నాయి.

అద్దెదారుల తరఫున కూడా ఒకరుంటే చూడ్డానికి బాగుంటుందని ఎవరో అన్నారు. మంచి మాటేనని ప్రకటన ఇచ్చారు. దరఖాస్తు పెట్టేవారు గత పదేళ్లుగా ఒకే చిరునామాలో ఉండాలన్నది నియమం. అద్దెకుండేవాళ్లు బోలెడుమంది దరఖాస్తు పెట్టారు గానీ, పదేళ్లపాటు కదలకుండా ఉండనిచ్చిన ఇంటివాడు వాళ్లలో ఒక్కరికీ దొరకలేదు. చివరికి అర్హత గల దరఖాస్తు ఒక్కటే తేలింది. అది మేకుల షావుకారుది.

షావుకారు అర్హతకి వంక పెట్టడం కష్టం. ఆయన పుట్టింది, పెరిగింది, తల నెరిసింది ఒకే ఇంట్లో. ఆ ఇంటి పై వాటా అద్దెకిస్తూ, ఊళ్లో మరెవరూ చూడనంతమంది అద్దెదారుల్ని చూశాడు. ఎంతమందిని రమ్మన్నాడో, ఎంతమందిని పొమ్మన్నాడో ఆయనకే గుర్తులేదు.

"ఇంత అనుభవం ఏ అద్దెదారుడికుంటుందండీ? వాడికి తెలిసింది వాడొక్కడి గోడు," అని అధ్యక్షుడు తేల్చేశాడు. ఈ వాదనలోని బలానికి సభ్యులు తలలు ఊపారు.

షావుకారు లెక్క చూసుకోకుండా తుమ్మే మనిషి కూడా కాదు. ఫ్యాక్టరీ ప్రహరీని ఆనుకుని ఆయన తండ్రి పెట్టిన ఇనుప సామాన్ల కొట్టుంది. అన్నిరకాల సామాన్లూ ఉన్నా పేరు మాత్రం మేకులకే. ప్రహరీ పడగొడితే కొట్టూ పోతుంది, బతుకుతెరువూ పోతుంది. కొత్త పేటలో అలాంటి కొట్టు ఒక్కటే ఉంటుందని, సంఘంలో ఉన్నవాళ్లు అడిగితే కాదనేవాళ్లుండరని అధ్యక్షుడు ముందే చెవిన వేశాడు. అప్పటినుంచీ షావుకారు కళ్లముందు కొత్త కాపురాలే కదులుతున్నాయి. గడియారానికి ఒక మేకు. క్యాలెండరుకి ఒకటి. అద్దానికి రెండు. గొడుగుకి, తువ్వాలుకి, తాళంచెవులకి తలా ఒకటి. పెళ్లి ఫొటో వంకరగా ఉందని పెళ్లాం సాధిస్తే పీకి మళ్లీ కొట్టడానికి ఇంకొకటి. ఇవిగాక చేతకానివాడు కొట్టి వంకర పెట్టేవి. సొంత ఇంటివాడు జన్మకోసారి కొట్టే మేకుని అద్దెకున్నవాడు ఇల్లు మారినప్పుడల్లా కొడతాడు. ఇంత లాభసాటి జాతి భూమ్మీద ఉండగా తనెందుకు దాని తరఫున నిలబడకూడదు?

"మీరేంటండీ, అద్దెకుండేవాళ్ల తరఫున మాట్లాడేది?" అంది ఆయన భార్య, మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ.

"ఏం, నాకు నోరు లేదా?"

"ఉంది. అదే నా భయం. గడియారం తగిలించుకుంటానని పై వాటా పిల్ల మూడేళ్లుగా ఒక్క మేకు అడుగుతోంది. గడియారం కుర్చీలో కూర్చుంటోంది, ఆ పిల్ల నేలమీద కూర్చుంటోంది."

"గోడ మనది."

"మేకూ మనదేగా."

"అదేనే నేననేది. మన మేకు తీసుకెళ్లి మన గోడకే కొట్టుకుంటే లాభమెవరికి?"

ఈ ప్రశ్నకి భార్య దగ్గర జవాబు లేదని షావుకారు అనుకున్నాడు. నిజానికి ఆవిడ దగ్గర లేనిది ఓపిక. పై వాటాలో ఉండేది ఆస్పత్రి నర్సు. ఆమె దగ్గర ఓపిక బోలెడుంది, కుర్చీ మాత్రం ఒక్కటే ఉంది.

సంఘం ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో సమావేశమయ్యేది. కిటికీలోంచి ఏరు, తుప్పు పట్టిన క్రేను కనిపించేవి. ఆర్కిటెక్టుకి ఆ క్రేను మీద ప్రాణం. దాన్ని అలాగే ఉంచాలని, కొత్త గోడలకి కూడా అదే తుప్పు రంగు వేయాలని, ఇక్కడి శ్రమ చరిత్రను అద్దెదారులు రోజూ అనుభవించాలని ఆయన గద్గద స్వరంతో చెప్పాడు. ఆ శ్రమ చేసిన పాత కూలీలు ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు. ఎక్కడో అద్దెకుంటూ ఉంటారు.

ఆ తర్వాత అద్దెదారుల సౌఖ్యం గురించి లోతుగా చర్చ జరిగింది. ఏరు కనిపించేలా బాల్కనీలు పెడితే వాళ్లు రోజంతా కటకటాలకి ఆనుకుని వాటిని వదులు చేస్తారని డాక్టరు హెచ్చరించాడు. అందుచేత కిటికీలు తలకన్నా ఎత్తులో పెట్టారు. ఏటి గాలి వస్తుంది, ఏరు రాదు. అద్దెవాళ్లు చెప్పాపెట్టకుండా ఖాళీ చేసి పోతారని, లారీ తిరగలేనంత ఇరుకుగా వీధులుంటే ఆ దుర్బుద్ధి పుట్టదని బ్యాంకు మేనేజరు సూచించాడు. వాళ్లు ముందు సామాను తెచ్చుకోవాలి కదా అని ఆర్కిటెక్టు అడిగితే, ఉండాలన్న కోరిక గట్టిగా ఉన్నవాళ్లు మోసుకొస్తారని సమాధానం వచ్చింది. చుట్టాలు వచ్చి తిష్ట వేయకుండా ముందుగదిని, ఇద్దరు నిలబడితే మూడోవాడు సెలవు తీసుకోవలసినంత కొలతకు కుదించారు. ప్రతి తీర్మానం చివరా "అద్దెదారుల ప్రతినిధి హర్షం వెలిబుచ్చారు" అని రాసుకున్నారు. షావుకారు నిజంగానే హర్షించాడు. ఈ జాగ్రత్తలన్నీ తన పై వాటా కట్టేటప్పుడు తనకెందుకు తట్టలేదా అని చిన్న విచారం మాత్రం మిగిలింది.

చివరగా గోడల సంగతి వచ్చింది.

"అద్దె ఇళ్లలో అసలు సమస్య ఏంటండీ? మీ అనుభవం చెప్పండి," అన్నాడు ఆర్కిటెక్టు, షావుకారు వైపు తిరిగి.

సంఘంలో అంతవరకూ ఎవరూ ఆయన్ని నేరుగా అడగలేదు. ఇన్నేళ్ల ఇంటివాడు ఒక్కసారిగా లోపల లేచి కూర్చున్నాడు. అదే ఒంట్లో కాపురముంటున్న మేకుల వ్యాపారి ఆ సమయానికి ఎక్కడికి పోయాడో తెలియదు.

"మేకులండీ," అన్నాడు షావుకారు. "అద్దెకొచ్చినవాడి చేతిలో మొదట కనబడేది సుత్తి. దేవుడి పటానికని ఒకటి అంటాడు, పది కొడతాడు. వాడు ఖాళీ చేశాక గోడ చూస్తే జల్లెడ. సున్నం వేయించినా ఆ బొక్కలు మనల్ని చూస్తూనే ఉంటాయి. గోడకీ ప్రాణం ఉంటుందండీ. దానికి దెబ్బ తగలకుండా బతకడం అద్దెవాళ్లకి నేర్పాలి."

గదిలో చప్పట్లు మోగాయి. షావుకారు మాటకి చప్పట్లు కొట్టడం ఆయన జీవితంలో అదే మొదలు. ఆయన ఇంకో పావుగంట మాట్లాడాడు.

ఏ మేకూ దిగని కాంక్రీటు గోడలు కట్టాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. నమూనా గది తయారయ్యాక దాన్ని పరీక్షించే సభ ఏర్పాటు చేశారు. మేకు, సుత్తి షావుకారే తన కొట్టునుంచి తెచ్చాడు. మేకుల్లో ఎన్నికైనది, ఎవరికిచ్చినా మాట రానిది ఏరి తెచ్చాడు. అధ్యక్షుడు కోటు విప్పి, సుత్తి ఎత్తి ఒక్కటేశాడు. మేకు మొన సిగ్గుపడినట్టు పక్కకి తిరిగింది. రెండో దెబ్బకి కొడవలిలా వంగి కింద పడింది. గోడమీద గీత కూడా లేదు. సభ లేచి నిలబడింది.

"ఇది ఒక మేకు ఓటమి కాదు," అన్నాడు అధ్యక్షుడు మైకులో. "ఒక సంస్కృతి గెలుపు. ఈ ఘనత మన అద్దెదారుల ప్రతినిధిది."

వంగిన మేకుని తర్వాత అద్దాల పెట్టెలో బిగించి, షావుకారుకి జ్ఞాపికగా ఇచ్చారు. పెట్టె వెనక గోడకి తగిలించుకోవడానికి కొక్కెం ఉంది. ఆ కొక్కెం వేలికి తగిలినప్పుడు షావుకారుకి అసలు లెక్క అర్థమైంది. గడియారానికి ఒకటి, క్యాలెండరుకి ఒకటి, అద్దానికి రెండు. అన్నీ కొట్టివేత.

తర్వాతి సమావేశంలో ఆయన గొంతు సవరించుకుని, పాపం అద్దెదారులకి గదికో చెక్క పట్టీ అయినా పెడదామన్నాడు. గోడకి ప్రాణం ఉందన్న మనిషేనా ఈ మాట అంటున్నదని సభ్యులు నొచ్చుకున్నారు. పైగా ఆలస్యమైపోయింది. "గోడకు గాయం చేయని జీవనం" అని ఆయన భావాన్నే పేట ముఖద్వారం మీద పెద్ద అక్షరాలతో అప్పటికే చెక్కించేశారు.

పేట తెరిచారు. జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని వచ్చారు. పాత ప్రహరీ, దాంతోపాటు పాత కొట్టు నేలమట్టమయ్యాయి. ఇచ్చిన మాట ప్రకారం మూల కొట్టు షావుకారుకే దక్కింది. అద్దెకే సుమా. ఆ పేటలో అందరూ అద్దెకే ఉండాలి కదా. మేకులు సైజుల వారీగా డబ్బాల్లో సర్దుకుని, తండ్రి రాయించిన బోర్డు తగిలించబోయాడు. మొదటి మేకు వంగింది. రెండోది ఎగిరి ఎదురింటి గుమ్మంలో పడింది. మూడోది కొట్టేలోపు ముఖద్వారం మీది అక్షరాలు గుర్తొచ్చాయి. బోర్డుని కుర్చీలో కూర్చోబెట్టాడు. జ్ఞాపికని రెండో కుర్చీలో పెట్టాడు. ఆ కొట్టులో ఉన్నవి రెండే కుర్చీలు.

"మేకులున్నాయండీ, మంచివి," అన్నాడు వచ్చిన మొదటి ఆవిడతో, నిలబడే.

"ఎక్కడ కొట్టుకోమంటారు, నెత్తినా?" అందావిడ, మామూలుగానే. కాస్త తాడు కొనుక్కుని వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే మేకులకి తుప్పు మొదలైంది. పేట రంగుకి చక్కగా సరిపోయింది గానీ, తుప్పు చూసి ఎవరూ కొనరు. షావుకారు అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాడు.

"బోర్డుకైనా రెండు మేకులు దిగే ఏర్పాటు చేయించండి. కొట్టుందని జనానికి తెలియాలి కదండీ."

"ఇలాంటివి నా దాకా రాకూడదు. మీ ప్రతినిధికి చెప్పుకోండి."

"ప్రతినిధిని నేనే కదండీ."

"మొన్నటిదాకా. ఇప్పుడు మీరే అద్దెకున్నారయ్యె. అద్దెకున్నవాణ్ని పెడితే సొంత లాభం చూసుకుంటాడని పదిమందీ అనరూ? డాక్టరుగారి బావమరిదిని వేశాం. పెద్దమనిషి, మూడిళ్లు అద్దెకిచ్చాడు."

షావుకారు ఇంటికి నడుస్తూ ఆలోచించాడు. అంతమంది అద్దెదారులు ఇన్నేళ్లూ చెప్పలేకపోయింది ఒక్క బోర్డు చెప్పింది. గుండె కాస్త మెత్తబడింది. అది ఆయనకి కొత్త గనక, అజీర్తేమోనని అనుమానించాడు కూడా. ఇంటికి రాగానే సుత్తి, మేకు పట్టుకుని పై వాటా మెట్లెక్కాడు.

"అమ్మాయ్, నీ గడియారం ఏదీ?"

"కుర్చీలోనే ఉంది బాబాయిగారూ. ఏం, అదీ ఉండకూడదా?" అంది నర్సు, లేచి నిలబడి.

"మేకు కొడదామని వచ్చానమ్మా."

నర్సు ఆయన మొహంలోకి, జ్వరం ఉందేమో అన్నట్టు చూసింది. షావుకారు గోడమీద చోటు చూసి, మేకు నిలబెట్టి, నెమ్మదిగా ఒక దెబ్బ వేశాడు. మేకు దిగింది. దాంతోపాటు చిటికెన వేలి గోరంత పెచ్చు ఊడి ఆయన పాదం మీద పడింది. షావుకారు దాన్ని చూశాడు. తండ్రి కట్టించిన గోడ. మొన్ననే సున్నం వేయించిన గోడ. సుత్తి మళ్లీ లేవలేదు. మేకు పీకి జేబులో వేసుకుని, ఆ చోటుని బొటనవేలితో కాసేపు అదిమి పట్టుకున్నాడు.

"గడియారం కుర్చీలో ఉంటేనే మంచిదమ్మా, మెడ ఎత్తక్కర్లేదు. నువ్వు కూర్చోడానికి రేపు ఇంకో కుర్చీ పంపిస్తా."

"డబ్బులెంత బాబాయిగారూ?" అంది నర్సు.

మెట్లు దిగుతుండగా ఆ ప్రశ్న షావుకారు చెవిలో తిరిగింది. గడియారానికి ఒక కుర్చీ. క్యాలెండరుకి ఒకటి. అద్దానికి వెడల్పాటిది. పెళ్లి ఫొటోకి చేతులున్నది.

ఇప్పుడు మూల కొట్టులో మేకులు లేవు. కుర్చీలు చాలక జనం పేర్లు రాయించుకుని పోతున్నారు. వస్తువులను కూర్చోబెట్టి గౌరవించే పేటగా సంఘం దీన్ని నలుగురికీ చూపిస్తోంది. రెండో పేట కట్టబోతున్నారు. ఈసారి గదులు ఇంకాస్త చిన్నవి చేస్తే కుర్చీలు పట్టవని షావుకారు అర్జీ పెట్టాడు. పరిశీలనలో ఉంది.

ఈ వృత్తాంతం చదివినవాళ్లలో సొంత ఇల్లున్నవాళ్లెవరో, అద్దెకున్నవాళ్లెవరో చెప్పడానికి షావుకారుకి పెద్ద లెక్క అక్కర్లేదు. కూర్చుని చదివినవాళ్లు సొంత ఇంటివాళ్లు. నిలబడి చదివినవాళ్ల కుర్చీలో గడియారం ఉంది.